మఱవని బిళ్ళ

కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మౌంటెన్ వ్యూ పట్టణమున 1994 గ్రీష్మములో, నెట్‌స్కేప్ అను పేర త్వరలోనే జగత్ప్రసిద్ధి నందబోవు ఒక చిన్న సంస్థ తన తొలి బ్రౌజరును సిద్ధము చేయుచుండగా, అందు పనిచేయు లూ మాంటుల్లీ అను యువకుని ముందునకు చూపునకు స్వల్పమైన చిక్కొకటి వచ్చిపడెను. ఎం.సి.ఐ. అను టెలిఫోన్ కంపెనీ అంతర్జాలమున ఒక అంగడి పెట్టదలచినది. కాని కొనుగోలుదారు బుట్టలో వేసికొని యింకను సొమ్ము చెల్లింపని సరకుల లెక్కను తన సర్వరులో మోయుట దానికి సమ్మతము గాదు. ఆ లెక్క కొనువాని కంప్యూటరులోనే యుండవలెనని దాని కోరిక. కోరిక సామాన్యమే గాని, వెబ్ పుట్టుకతోడనే మతిమఱపు గలది. ఒక పుటను అడిగినవానికి ఆ పుటను పంపి మఱుక్షణమున వానిని మఱచిపోవును. వాడే మఱల వచ్చి రెండవ పుటను అడిగినను, ఎన్నడును చూచి యెఱుగని వానితో వలెనే వ్యవహరించును.

దేవాలయపు ద్వారమున చెప్పులు విడుచునప్పుడు కావలివాడు చేతికిచ్చు సంఖ్యగల బిళ్ళ వంటిదానిని మాంటుల్లీ కల్పించెను. వెబ్‌సైటు తన యొద్దకు తొలిసారి వచ్చిన బ్రౌజరునకు ఒక చిన్న గుర్తు నిచ్చును. బ్రౌజరు దానిని భద్రపఱచుకొని, ఆ సైటునకు పోయినప్పుడెల్ల దానిని చూపును. బిళ్ళను చూచి చెప్పులు గుర్తించు పని కావలివానిది. ఇదియే కుకీ. దీనిని మొట్టమొదట వాడినది నెట్‌స్కేప్ సొంత సైటే. వచ్చినవారు క్రొత్తవారా, మునుపు వచ్చి పోయినవారా అను నంతమాత్రము తెలిసికొనుటకు.

ఇంతకంటె సులభమైన మార్గము లేకపోలేదు. ప్రతి బ్రౌజరునకును ఒక శాశ్వతమైన సంఖ్యను ఒసగి, అది అన్ని సైట్లకును కనబడునట్లు చేసినచో పని తీరిపోవును. కాని అట్లు చేసినచో సైట్లన్నియు కూడబలుకుకొని ఒక్కొక్క మనుష్యుని అడుగుజాడలను పట్టగలవని తలచియే ఆ మార్గమును విడిచితినని మాంటుల్లీ తరువాతి కాలమున తానే వివరించినాడు. ఒక సైటు ఇచ్చిన గుర్తు ఆ సైటునకే చూపబడును, అన్యులకు కాదు. తన వినియోగదారుల గోప్యతను ఇంత ముందుగా, ఎవరును అడుగకమున్నే, ఆలోచించిన శిల్పి చేతులలో పుట్టిన సాధనమే లోకమున అతి విస్తృతమైన నిఘాకు పనిముట్టు కావలసివచ్చుట విచిత్రము. ఆ మార్పునకు కారణము శిల్పములోని లోపము కొంత మాత్రమే. తక్కినదంతయు కంపెనీల పరస్పర వైరము. కుకీ తొలి నిబంధనలను మాంటుల్లీతో కలసి వ్రాసిన జాన్ జియానాండ్రియా కాలాంతరమున గూగుల్‌లో శోధన శాఖకును, పిదప ఆపిల్‌లో కృత్రిమ మేధ శాఖకును అధిపతియయ్యెను. ఈ వైరులందఱును ఒక్క వీథి వారేయని చెప్పుటకు ఇది చాలును.

లోపమేమనగా, మనము చదువు పుటలోని బొమ్మ ఆ సైటునుండియే రావలెనను నియమము లేదు. వార్తాపత్రిక పుటలో ఒక మూలనుండు ప్రకటన వేఱొక కంపెనీ సర్వరునుండి వచ్చును; వచ్చునప్పుడు ఆ సర్వరు కూడ తన బిళ్ళ నొకటి బ్రౌజరు చేతిలో పెట్టును. అదే కంపెనీ ప్రకటనలు ఔషధముల సైటునను, పుస్తకముల అంగడిలోను, ఉద్యోగముల పుటలోను ఉండెనేని, వేయి గుడుల ముంగిట ఒక్క కావలివాడే కూర్చుండినట్లగును. మనమెక్కడెక్కడ తిరిగితిమో వాని పుస్తకమున వరుసగా పడుచుండును.

లోకమునకు ఈ సంగతి 1996 ఫిబ్రవరి 12వ తేదీన లండనులోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వ్రాసిన పిదప గాని తెలియలేదు. వాషింగ్టనులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996, 1997 సంవత్సరములలో ఇందునుగూర్చి చర్చలు జరిపెను. అన్య కంపెనీల కుకీలను ఒక్కసారిగా నిషేధించునట్లు బ్రౌజరును మార్చుట మాంటుల్లీ చేతిలోనే యుండెను. కాని అతడు మార్చలేదు. కుకీని మూసినచో ప్రకటనల కంపెనీలు కంటికి కనబడని వేఱొక ఉపాయమును వెదకుననియు, కుకీనైనచో వినియోగదారుడు చూచి చెఱపివేయ గలడనియు అతని వాదము. ఈ వాదములో సత్యము లేదనజాలము. ఐనను అది పలుకబడిన కాలమును గూడ గమనింపవలెను. 1995 మే 26వ తేదీన బిల్ గేట్స్ అంతర్జాలమును మహాతరంగముగా వర్ణించుచు తన ముఖ్యోద్యోగులకు దీర్ఘలేఖ వ్రాసియుండెను. ఆగస్టు 9వ తేదీన నెట్‌స్కేప్ వాటా 28 డాలర్లకు విక్రయమునకు వచ్చి ఆ సాయంకాలమునకే 58 డాలర్లు దాటెను. ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును విడిచి, తరువాత దానిని విండోస్‌తో కలిపి వెల లేకయే పంచిపెట్టెను. అట్టి యుద్ధమున, తన బ్రౌజరులో కొన్ని సైట్లు సరిగా పనిచేయవను అపవాదును తనంత తాను నెత్తిన వేసికొనుటకు ఏ పక్షము సాహసించును?

ఈ సంగతి త్వరలోనే ఋజువయ్యెను. బెల్ లాబ్స్‌లోని డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లీతో కలసి 1997 ఫిబ్రవరిలో వెలువరించిన ప్రమాణపత్రము, అన్య సర్వరుల కుకీలను బ్రౌజర్లు వాటంతట అవి అంగీకరింపరాదని శాసించెను. ప్రకటనల సంస్థలు కోలాహలము చేసినవి. నెట్‌స్కేపును ఎక్స్‌ప్లోరరును ఆ నియమమును త్రోసిపుచ్చినవి. పగవారిద్దఱును ఏకీభవించిన అరుదైన విషయములలో ఇది యొకటి.

నెట్‌స్కేప్ ఆ యుద్ధమున ఓడి, 1998 నవంబరులో అమెరికా ఆన్‌లైన్‌కు అమ్ముడుపోవుటకు అంగీకరించెను. గుప్తముగా లాభపడినది న్యూయార్కునందలి డబుల్‌క్లిక్ అను ప్రకటనల కంపెనీ. 1999లో అది అబాకస్ డైరెక్ట్ అను సంస్థను కొనెను. కోట్లకొలది అమెరికా కుటుంబములు తపాలా ద్వారా ఏ వస్తువులు తెప్పించుకొనిరో వారి పేరులతోను చిరునామాలతోను అబాకస్ వద్ద నమోదై యుండెను. పేరు లేని బిళ్ళల పుస్తకమును పేరులున్న పుస్తకముతో జతచేయు నుద్దేశము బయటపడగనే ప్రజలు మండిపడిరి; 2000 ఫిబ్రవరిలో ట్రేడ్ కమిషన్ విచారణ మొదలయ్యెను; మార్చిలో డబుల్‌క్లిక్ అధిపతి కెవిన్ ఓకానర్ తాము పొరపడితిమని ఒప్పుకొని వెనుకకు తగ్గెను. ప్రజాగ్రహమే ఒక కంపెనీని నిలువరించిన ఘట్టము ఈ చరిత్రమంతటిలోను బహుశా ఇదియొక్కటే. తరువాతి ఘట్టములలో నిలువరించువాడు తఱచుగా మఱొక వర్తకుడే.

2007 ఏప్రిలులో గూగుల్ 310 కోట్ల డాలర్లకు డబుల్‌క్లిక్‌ను కొనబోవుచున్నట్లు ప్రకటించెను. మైక్రోసాఫ్ట్, ఇంత సమాచారము ఒక్కరి చేతిలో చేరుట అపాయమని ఆ సెప్టెంబరులో సెనేటు ఉపసంఘము ముందు సాక్ష్యము చెప్పెను. కాని అంతలో, మే నెలలోనే, తానును ఏక్వాంటివ్ అను ప్రకటనల సంస్థను దాదాపు 600 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పందము చేసికొనియుండెను! ట్రేడ్ కమిషన్, సభ్యులు నలుగురు ఒకవైపును, పమేలా జోన్స్ హార్బర్ ఒక్కతెయే మఱొకవైపునుగా గూగుల్‌కు అనుమతి నొసగెను. రెండు మహాసముద్రముల వంటి సమాచారరాసులు ఏకమగుచున్నవని ఆమె పడిన భీతి, నేడు చదివినచో కాలమునకు ముందు పలుకబడినట్లు తోచును.

అది మొదలు ఈ కథలో ఒక సూత్రము గోచరించును: ప్రకటనల వ్యాపారమున ఎవడు వెనుకబడెనో వానికే గోప్యతపై భక్తి పుట్టుచుండెను. 2012వ సంవత్సరము దీనికి చక్కని దృష్టాంతము. ఆ ఫిబ్రవరిలో, ఆపిల్ సఫారీ బ్రౌజరు అన్య కుకీలకు వేసిన అడ్డును గూగుల్ ఒక మెలికతో దాటుచున్నదని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జొనాథన్ మేయర్ బయలుపఱచెను. ఆగస్టులో గూగుల్ ఇందుకై 2 కోట్ల 25 లక్షల డాలర్ల జరిమానా కట్టెను. మేయర్ వెల్లడించిన కొలది దినములలోనే, ఫిబ్రవరిలోనే, మైక్రోసాఫ్ట్, గూగుల్ మా ఎక్స్‌ప్లోరరును కూడ వంచించినదని ఎలుగెత్తెను. సైట్లు తమ గోప్యతావిధానమును కంప్యూటరు చదువగల సంక్షిప్త సంకేతములతో తెలుపవలెనని ఎక్స్‌ప్లోరరు కోరగా, గూగుల్ ఆ స్థానమున ఇది అట్టి విధానము కాదని మామూలు ఇంగ్లీషు వాక్యమొకటి పంపుచుండెను. బ్రౌజరు ఆ వాక్యమును అర్థము చేసికొనలేక కుకీని లోనికి రానిచ్చెను. ఇంతటి ధిక్కారములో కొంత హాస్యము లేకపోలేదు. ఆ వేసవిలోనే మైక్రోసాఫ్ట్ ఏక్వాంటివ్ కొనుగోలులో 620 కోట్ల డాలర్లు నష్టము క్రింద వ్రాసికొనెను. ఆ వేసవిలోనే తన పదవ ఎక్స్‌ప్లోరరు, నన్ను వెంబడింపకుడు అను సంకేతమును ఎవరును అడుగకయే పంపునట్లు చేసెదనని ప్రకటించెను. ఎవరును అడుగకయే పంపిన సంకేతము వినియోగదారుని ఇచ్ఛను తెలుపదని వాదించి, ఆ సంకేతపు ప్రమాణకర్తలలో ఒకడైన రాయ్ ఫీల్డింగ్, అపాచీ అను వెబ్‌సర్వరు దానిని లెక్కచేయకుండునట్లు మార్పు చేసెను. చాల కంపెనీలు పాటింపని ఆ సంకేతమును గూర్చి చర్చించిన సంఘము 2019 జనవరిలో మూతపడెను; ఆ యేడే ఆపిల్ దానిని సఫారీనుండి తొలగించెను. వెంబడింపవలదని కోరు ఆ గుర్తే మనుష్యుని పోల్చుకొనుటకు మఱొక ఆనవాలుగా ఉపకరించునేమో యని ఆ కంపెనీ భయము.

ఆపిల్ భక్తి మాత్రము నిష్కామమా? 2020 డిసెంబరులో అమెరికా ప్రధానపత్రికలలో పూర్తిపుట ప్రకటనలిచ్చి, చిన్న వర్తకుల పక్షమున ఆపిల్‌ను ఎదిరించుచున్నానని ఫేస్‌బుక్ చాటెను. కారణము, ఐఫోనులోని యాప్‌లు మనలను వెంబడించుటకు ముందు మన అనుమతి అడుగవలెనను ఆపిల్ నియమము. 2021 ఏప్రిలులో నియమము అమలయ్యెను. దానివలన 2022లో దాదాపు 1,000 కోట్ల డాలర్లు నష్టపోవుదుమని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తెలుపగనే, దాని వాటా విలువ ఒక్కనాడే నాలుగవ వంతునకు పైగా కూలెను. అదే ఆపిల్, సఫారీలో గూగుల్ శోధననే ముందుంచినందులకు 2022లో గూగుల్ వద్ద 2,000 కోట్ల డాలర్లు పుచ్చుకొన్నట్లు గూగుల్‌పై నడచిన గుత్తాధిపత్య వ్యాజ్యములో వాషింగ్టను న్యాయస్థానమున వెల్లడియయ్యెను. హైదరాబాదులో పుట్టి పెరిగి మైక్రోసాఫ్ట్ అధినేతయైన సత్య నాదెళ్ల 2023 అక్టోబరులో సాక్షిగా నిలిచినది ఆ వ్యాజ్యమునందే. శోధనలో వినియోగదారునకు నిజముగా ఎంపిక కలదనుట బూటకమని ఆయన వాదము. 2025 మార్చిలో, ఫ్రాన్సు దేశపు పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్ అనుమతి నియమమును అమలుచేసిన తీరు ఇతరులకు అన్యాయమని తలచి 15 కోట్ల యూరోల జరిమానా విధించెను.

గూగుల్ కథ ఇంకను చిక్కైనది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు అన్య కుకీలను అడ్డగింపసాగిన మీదట, తన క్రోమ్ కూడ రెండేండ్లలో వానిని తొలగించునని 2020 జనవరిలో అది మాట యిచ్చెను. అప్పుడు ఫిర్యాదు చేసినవారు ప్రకటనల వ్యాపారమున దాని ప్రత్యర్థులు: గూగుల్‌కు తన శోధన, యూట్యూబు, జీమెయిలు ఉన్నవి గనుక కుకీ పోయినను జనుల నెఱుగును, మేము మాత్రము గ్రుడ్డివారమగుదుమని వారి మొఱ. బ్రిటను పోటీ నియంత్రణ సంస్థ 2021 జనవరిలో విచారణకు పూనెను. గడువు 2023కు, 2024కు, 2025కు జరుగుచు పోయెను. 2024 జనవరిలో నూటికి ఒక్క వినియోగదారునకు మాత్రము కుకీలు ఆపి చూచిరి. జులైలో సంకల్పమునే మార్చుకొనిరి. కుకీకి మాఱుగా కల్పించిన ఉపాయములలో అధికభాగమును 2025 అక్టోబరులో చుట్టబెట్టిరి. కుకీని నిలిపినవారు గోప్యతాశత్రువులు కారు. గుత్తాధిపత్యమును అడ్డగింప నియుక్తులైన అధికారులు! పోటీయును గోప్యతయు ఒకదానికొకటి తోడగునని బోధించు అర్థశాస్త్రజ్ఞులకు ఈ యయిదేండ్ల వృత్తాంతము మింగుడుపడదు.

ఐరోపావారు వర్తకులను నమ్మక సమ్మతిని శాసనము చేసిరి. 2009లో సవరించిన ఆదేశమును, 2018 మే 25 నుండి అమలైన సమాచార రక్షణ శాసనమును మనకు చూపిన ఫలము, ప్రతి సైటు ముంగిటను ఎదురగు సమ్మతి పెట్టె. అంగీకారమునకు ఒక్క నొక్కును, నిరాకరణమునకు అనేక నొక్కులును పెట్టిన నేరమునకు ఫ్రాన్సువారు 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలును, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలును జరిమానా వేసినారు.

మన దేశమున సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి వ్యాజ్యమున, గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకకంఠముగా తీర్పుచెప్పిరి. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కుకీ పేరెత్తదు. కాని సమ్మతిని కోరు విన్నపమును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందలి ఏ భాషలో గాని చదువుకొను వీలు పౌరునకు కల్పింపవలెనని విధించును. కావున తెలుగు కోరినవానిని తెలుగులోనే అడుగవలసియుండును. 2025 నవంబరులో నియమములు వెలువడినవి; సమ్మతికి సంబంధించిన భాగమునకు కంపెనీలకొసగిన గడువు 18 నెలలు.