బందరు నేల – బందరు పని

క్రీ.శ. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బందరున వర్తకశాలలు స్థాపించిరి. వారిని రప్పించినవి ముఖ్యముగా ఈ తీరపు అద్దకపు వస్త్రములు. 1864 నవంబరు 1వ తేదీనాటి యుప్పెనలో సుమారు 30,000 మంది అసువులు బాసిరి. రేవు క్షీణించెను, చేతిపని మాత్రము నశింపలేదు. చిలకలపూడి పూతనగలును, పెడన కలంకారీయు నేటికిని పెక్కు కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. పోతేపల్లియందు నగలపనికై పారిశ్రామికవాడయు వెలసినది. 2023లో నూతన రేవు పనులారంభమైనవి. ఇక నేలకు వెల పెరుగుట సహజము.

కులబంధువులారా! మేము విన్నవించునది యొక్కటియే. లాభమునకై నేలను కొని బీడు పెట్టుటకంటె, స్థలములేని పనివానికి కర్మశాల కట్టి యిచ్చుట మేలు. ఉప్పెన హరింపలేని విద్యను మన యుపేక్ష హరింపకుండుగాక!