వారధి మీద ఎక్సెల్ బండి

పొద్దున్న ఆరున్నర. తాడేపల్లి దాటావు, బెజవాడ వైపు పోతున్నావు. ఎక్సెల్ బండికి చెరో పక్కా 40 లీటర్ల పాలక్యాను వేలాడుతోంది. బండి బరువు 90 కిలోల లోపే. పాలు దాదాపు అంతే. స్పీడోమీటరు ముల్లు నలభై దగ్గర ఆగిపోయింది, ఎంత తిప్పినా ఇక కదలదు. ఎదర కనకదుర్గమ్మ వారధి.

బండి నీకు తెలియకుండానే ఎడమ అంచుకి పోతోంది, గమనించావా? "పక్కగా పోరా" అని చిన్నప్పుడు ఇంట్లో చెప్పిన మాట ఇంకా చేతుల్లో ఉంది. అది సైకిలు రోజుల మాట, ఊరి రోడ్డు మాట. హైవే మీద చెల్లదు.

అంచున ఏమున్నాయో చూడు. టిప్పర్లు రాల్చుకుంటూ పోయిన ఇసుక. పేలిన టైరు ముక్క. అదిగో, రాంగ్ రూట్లో ఒక బైకు, లైటు కూడా లేకుండా నీ ఎదురుగానే వస్తోంది. ఇసుక మీద గట్టిగా బ్రేకు వేశావో, బండి కింద నువ్వుంటావు.

కుడికి జరగాలి, వారధి ఎక్కకముందే. అద్దం చూడు. వెనక బస్సు, ఇంకా దూరంగానే ఉంది. ఇండికేటరు వెయ్. ఒక్కసారి తల తిప్పి వెనక్కి చూడు. జరుగు. లేను నట్టనడుమ నల్లగా ఆయిల్ చార కనిపిస్తోంది కదా, దాని మీదికి వద్దు. దానికి కాస్త ఎడమగా ఉండు. అదే నీ చోటు. హెల్మెట్ బకిల్ పెట్టుకున్నావుగా?

వారధి ఎక్కావు. ఎడమన గోడ, గోడ కింద కృష్ణమ్మ. అవతల ప్రకాశం బ్యారేజీ, ఇంద్రకీలాద్రి. దండం తర్వాత పెట్టుకోవచ్చు. అద్దం చూడు.

బస్సు పెద్దదైంది.

హారన్.

ఒళ్లు గోడ వైపు పోదామంటోంది. పోకు. లేను వెడల్పు మూడున్నర మీటర్లు. బస్సుకే రెండున్నర మీటర్లు చాలవు. మిగిలేది మీటరు లోపు. నీ క్యాన్లకే అది సరిపోదు. అంటే ఈ లేన్లో ఇద్దరికీ చోటు లేదు. కానీ నువ్వు గోడకి అతుక్కుంటే, డ్రైవరుకి చోటున్నట్టే కనిపిస్తుంది. దూరుస్తాడు. లేన్లో నిలబడితే ఆగాలి, లేదా పక్క లేన్లోకి పోవాలి.

మళ్లీ హారన్. తిడుతున్నాడు కూడానేమో. తిట్టనీ. తిడుతున్నాడంటే నిన్ను చూశాడనే.

ఊగకు. బ్రేకు వద్దు. నిటారుగా పోనీ.

బస్సు ముక్కు కుడికి తిరిగింది. పక్కకొచ్చింది. గాలి! తోసింది. క్యాన్లు ఊగాయి. ఇప్పుడు లోపలికి లాగుతోంది. పట్టుకో. ఎడమన జాగా ఉంది కాబట్టి గోడ తగల్లేదు.

పోయింది.

ఊపిరి పీల్చుకో, కానీ చూపు తిప్పకు. వారధి చివర ఆ బస్సే నీ లేన్లోకి వచ్చి నెమ్మదించింది. ఎడమ ఇండికేటరు కొడుతోంది. బస్టాండుకి తిరుగుతుంది. దానికి ఎడమన సందుంది. ఒక బైకు పట్టేంత. నీ ముందున్న కుర్రాడు దూరి పోయాడు కూడా. నువ్వూ?

బస్సు ఎడమ అద్దం చూడు. డ్రైవరు మొహం కనపడుతోందా? లేదు. ఆయనకీ నువ్వు కనపడవు.

వదులు. రెండు బ్రేకులూ, మెల్లగా. పాలు ముందుకి నెడుతున్నాయి. ఇంకొంచెం. ఆగు.

బస్సు తిరుగుతోంది. ముందు చక్రాలు విశాలంగా తిరిగాయి. వెనక చక్రాలు అలా రావు, మూలని కోసుకుంటూ లోపలికి వస్తాయి. ఇందాకటి సందు మీదుగానే వెనక టైరు దొర్లుకుంటూ పోయింది.

దారి ఖాళీ అయింది. నువ్వు బెంజ్ సర్కిల్ వైపు, నేరుగా. మళ్లీ నీ చోటుకి జరుగు. ఎదర ఆటో. ఫుట్‌పాత్ మీద ఒకావిడ చెయ్యెత్తింది. ఇండికేటరూ గికేటరూ ఏమీ ఉండవు, అక్కడే ఆపేస్తాడు. అద్దం చూడు.