తాత చెవి, కుండ మోత

ఇంతవరకు ఇక్కడ మగ్గాల ముచ్చట్లే ఎక్కువ రాసుకున్నం. భివండి శాంతినగర్‌లో మమ్మల్ని చూసినవాళ్లు చాలామంది పద్మశాలీలనే అనుకుంటరు. తెలంగాణ నుంచి ఈ ఊరికి వచ్చినవాళ్లల్ల వాళ్లే ఎక్కువ కాబట్టి అందులో తప్పు లేదు. కానీ మేము కుమ్మరోళ్లం. పెద్దపల్లి దిక్కు నుంచి తాత పవర్‌లూమ్ నడపడానికి ఇక్కడికి వచ్చేదాకా మా ఇంటి పని మట్టిదే. తాత పదేండ్ల కింద ఊరికి తిరిగిపోయిండు. పోయిన ఎండాకాలం మేము ఆయన దగ్గరికి పోయి, మళ్లీ ఒక ఆవం పేర్చి కాల్చినం.

ముందు ఆ మాట గురించి. నాన్న రబకవిలో మగ్గాల మీద పనిచేసిన రోజుల్లో మా చదువు కన్నడ మీడియంలో సాగింది. (తెలుగు అక్షరాలు తర్వాత సొంతంగా నేర్చుకున్నవే, తప్పులుంటే సర్దుకోండి.) కుండలు కాల్చే బట్టీని కన్నడంలో ఆవిగె అంటరు. మరాఠీలో ఆవా, తెలుగు పుస్తకాలల్ల ఆవము. అన్నిటికీ మూలం సంస్కృతంలోని ఆపాకం. తాత మాత్రం వాము అంటడు.

మాట లెక్కనే కుమ్మరి కథలు కూడా మూడు భాషలల్ల ఉన్నయి. తెలుగులో రామాయణం రాసిన మొల్ల ఉన్నది. బీదర్ దిక్కు భాల్కిలో 12వ శతాబ్దపు శరణుడు కుంబార గుండయ్య, ఆయన కుండ వాయిస్తుంటే శివుడు ఆడిండని కథ. మహారాష్ట్రలో తేర్ ఊరి గోరా కుంభార్. సంతులంతా కూడినప్పుడు, ఇందులో ఏ కుండ కాలింది, ఏది పచ్చిది చెప్పమని ముక్తాబాయి అడిగిందట. గోరా కుండలు కొట్టే చెక్క తీసుకుని అందరి తలల మీద తట్టిండు. నామదేవుడు కోపానికి వచ్చిండు. ఇది పచ్చికుండ అని తేల్చేసిండు గోరా. మాలో ఒకరి ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఈ కథ విన్నప్పటినుంచి గోరాను మా శాఖవాడిగనే లెక్కేస్తున్నం.

నిప్పు పని మా దిక్కు ఇయ్యాల్టిది కాదు. పెద్దపల్లి పక్కన పెద్దబంకూరు, ధూళికట్ట శాతవాహనుల కాలపు ఊర్లు. పెద్దబంకూరు తవ్వకాలల్ల కాల్చిన మట్టి వరలు పేర్చిన బావులు బయటపడ్డయి. అంతకు ముందటి కాలపు రాకాసి గూళ్లల్ల, అంటే పెద్ద రాళ్ల సమాధులల్ల, లోపల నలుపు బయట ఎరుపు ఉన్న కుండలు దొరుకుతయి. రంగు పూసింది కాదది. మట్టిలో ఇనుము ఉంటది. గాలి తగిలి కాలిన చోట ఎర్రబడతది, గాలి అందక పొగలో మగ్గిన చోట నల్లబడతది. కుండలను బోర్లించి పేరిస్తే ఒకే మంటలో రెండు రంగులు వస్తయని ఒక వివరణ. అంటే ఆ కాలానికే గాలిని ఎక్కడ ఆపాల్నో, ఎక్కడ వదలాల్నో తెలిసినవాళ్లు ఉన్నరు.

తాత ఎందుకు వదిలిండు? పెండ్లికి ఐరేని కుండలు, గీత కార్మికులకు లొట్లు, ఇంటింటికి రంజన్లు, గురుగులు. వీటికి గింజలు వచ్చేవి. వంటింట్లోకి అల్యూమినియం వచ్చింది, నీళ్లకు ప్లాస్టిక్ బిందె వచ్చింది. పెండ్లి కుండలు, బోనం కుండలు మిగిలినయి గాని, వాటితో ఏడాది గడవదు. సారె అటకెక్కింది. ఇప్పుడు సారె మీద చెయ్యి పెట్టి ఫోటో దిగేవాళ్లు దొరుకుతరు, మేము కూడా దిగినం. వాము గురించి అడిగినవాళ్లు మాకు ఎవరూ కనపడలేదు. “కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు” అంటరు. తాత లెక్కల ఆ గుదియ దెబ్బ వాములోనే పడతది. నెల పని ఒక్క రాత్రిల పోతది.

మొదలు భివండిలోనే కాల్చుదామనుకుని ధారావి కుంభార్‌వాడకు పోయి చూసినం. సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుమ్మర్లు 1930లలో అక్కడ స్థిరపడ్డరు. ఇండ్ల నడిమి వాకిట్లో ఇటుక బట్టీలు, అందులో పత్తి చెత్త, గుడ్డ పీలికలు కాలుస్తరు. పీలికలకు మా ఊర్లో కొదువ లేదు. కానీ గోడకు గోడ ఆనే శాంతినగర్‌లో ఆ పొగను ఎవరు ఓర్చుకుంటరు? ఊరికే పోయినం.

కింద పిడకలు, వాటి మీద కట్టెలు, పెద్దవి అడుగున, చిన్నవి పైన, అన్నీ బోర్లించి. సందుల్లో పెంకులు. మీద వరిగడ్డి కప్పి, మట్టి మెత్తినం. తాత ఒకటే చెప్పిండు: తెల్ల పొగ పోయేదాకా కట్టె ఎక్కువ వెయ్యొద్దు. ఆ తెల్లది పొగ కాదు, మట్టిలోని తడి. మేము ఫోన్‌లో టైమ్ పెట్టుకుని, రెండు గంటలైంది కదా అని ఎగదోసినం. లోపల పటపటమని మూడు నాలుగు పగిలినయి. తడి ఆవిరై బయటికి దారి దొరకక కుండనే పగలగొట్టింది. తాత ఏమనలేదు, మా చేతిలోని కట్టె తీసుకున్నడు. తర్వాత రాత్రంతా ఆయన సందుల్లోంచి నిప్పు రంగు చూస్తనే ఉన్నడు. మట్టిలో కలిసిపోయిన నీరు పోవాలంటే 500 డిగ్రీల దాకా ఎక్కాలె, అది పోతే ఇక తిరిగి బురద కాదు అని మేము చదువుకుని పోయినం. ఆయనకు ఆ అంకె అక్కరలేదు.

మర్నాడు పొద్దుగూకినంక విప్పినం. ఒక్కో కుండను వేలితో కొట్టి చూడాలె, ఖంగుమంటే కాలినట్టు. ముప్పై ఏండ్లు పవర్‌లూమ్‌ల నడుమ నిలబడ్డ తాతకు చెవులు సరిగ్గా వినపడవు. మాకు అప్పుడు తట్టింది. నాడు చెవితో తేల్చిన పని ఇప్పుడు ఎట్ల చేస్తడు? ఆయన కుండ కడుపు మీద ఎడమ చెయ్యి ఆనించి, కుడి చేత్తో తట్టి, ఆ అదురును పట్టుకున్నడు. ఐదు కుండలు పక్కకు పెట్టిండు. అందులో ఒక గురుగు మాకు బాగనే మోగింది. తాత పొరబడ్డడనుకుని దాన్ని నీళ్లతో నింపి అరుగు మీద పెట్టినం. తెల్లారేసరికి అడుగు మెత్తబడి, అరుగంతా ఎర్రనీళ్లు.

వానలకు ముందే ఇంకో వాము పెడదామని మొన్న తాత ఫోన్ చేసిండు. ఆయన చెప్పుడే గాని, మేము చెప్పేది ఆయనకు వినపడది. వస్తమని ఊర్లో చిన్నాయనతోని చెప్పించినం.