గౌను అంచున పదకొండు పేర్లు

2024 డిసెంబర్ 25తో మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగి నూరేళ్ళు నిండాయి. శతజయంతి సంచికకు ఏదైనా రాసిమ్మని సంఘపు పెద్దలు అడిగితే రెండు వారాలు కలం ముట్టలేదు. "కట్టడం గురించి రాసేటోళ్ళు చానామంది ఉన్నరు. నువ్వు మన ఇంటి సంగతి రాయి అత్తమ్మా" అని మా మేనల్లుడు కాగితాలు తెచ్చి ముందు పెట్టాడు. నాకు డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇంట్లో నా పేరు పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పెద్దా చిన్నా అందరికీ అత్తమ్మనే. కనుక ఇది అత్తమ్మ చెప్పే చర్చి చరిత్ర.

చదువుకున్న చరిత్ర కొంత అందరికీ తెలిసిందే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 19వ శతాబ్దం చివర్లో ఈ ప్రాంతానికి వచ్చాడు. 1914లో చర్చి పని మొదలై 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. ఆ పదేళ్ళలో కరువు రోజులున్నాయి. ఊరికే గింజలు పంచితే తీసుకునేవాడి తల వంగుతుందని, పని ఇచ్చి కూలిగా తిండి పెట్టాడు పాస్నెట్ దొర. ఆ కూలికి పోయినవాళ్ళలో మా తాత ఒకడు. అప్పటికి మీసం కూడా రాలేదట. సున్నం తట్టలు మోశాడు, రాళ్ళెత్తే మోకులు లాగాడు. చర్చి కొలతల మాట వస్తే ఒకటే అనేవాడు: "ఎన్ని అడుగులో దొరకు ఎరుక. ఎన్ని తట్టలో నాకెరుక."

మా తాత పుట్టిన వాడలో ఎవరూ ఊరి గుడి మెట్టు ఎక్కినవాళ్ళు కారు. ఊరి బావిలో చేద వేసినవాళ్ళు కారు. తన చేతులతో కట్టిన ఇల్లు పూర్తయిన రోజున లోపలికి పోవడానికి కాళ్ళాడలేదట. లోపల నేలకు పరిచింది సీమ నుంచి తెప్పించిన రంగు పలకలు. వాటి మీద తన కాలు పడితే ఎవరైనా కసురుకుంటారేమోనని గడప దగ్గరే ఆగిపోయాడు. వెనక నుంచి మా నాయనమ్మ, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, "నువ్వు మోసిన రాయేనాయె, నడువు" అని వీపు మీద చెయ్యి వేసి తోసిందట. ఈ మాట తాత చెప్పగా విన్నాను, నాయనమ్మ చెప్పగా విన్నాను. ఇద్దరూ చెప్పేటప్పుడు కంటనీళ్ళు పెట్టుకునేవాళ్ళు.

నా మట్టుకు నాకు చర్చి చరిత్ర ఆ తోపుతోనే మొదలవుతుంది. దొరలు గీత గీశారు, మగవాళ్ళు రాళ్ళు మోశారు. దాన్ని ఇంట్లోకి తెచ్చి, పొయ్యి దగ్గరా ఉయ్యాల దగ్గరా పెళ్ళి పందిట్లోనూ నిలబెట్టింది ఆడవాళ్ళు. ఈ ముక్క ఎక్కడా సరిగ్గా రాయలేదన్న బాధ నాకుంది. అందుకే ఈ నాలుగు పేజీలు.

పొయ్యి దగ్గరంటే పిడికెడు బియ్యం. మా నాయనమ్మ పొయ్యి పక్కన ఒక చిన్న మట్టికుండ ఉండేది. వండడానికి కొలిచిన బియ్యంలోంచి ప్రతి పూటా ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం ఆ కుండ గుడ్డలో వంచి, మూట గట్టి, కొంగున దాచుకొని చర్చికి తీసుకుపోయేది. బియ్యం లేని రోజుల్లో జొన్నలు వేసింది. ఇంట్లో అందరికీ చాలకుండా ఉన్న పూట కూడా ఆ పిడికెడు ఆగలేదు. "దేవునికి ఇచ్చినంక వండుకునేదే అన్నం" అనేది. ఆ కుండ పగిలిపోయింది. దాని స్థానంలో ఇప్పుడు స్టీలు డబ్బా ఉంది. అలవాటు మాత్రం నా దాకా వచ్చింది.

ఇక క్రిస్మస్. నెల ముందే గోడలకు సున్నం, వాకిట్లో వెదురు బద్దలతో చుక్క. రంగు కాగితం అంటించి లోపల దీపం పెట్టేవాళ్ళం. తర్వాత బల్బు వచ్చింది. రాత్రి పూట కేరల్స్ వాళ్ళు తాళాలతో, కంజీరతో వస్తే చాయ, గుడాలు పెట్టి పంపేవాళ్ళం. సకినాలు, గారెలు చుట్టేటప్పుడు వాడకట్టు ఆడవాళ్ళంతా మా అరుగు మీదే. వాళ్ళలో సగం మంది చర్చికి వచ్చేవాళ్ళు కారు. అయినా మా పిండి వాళ్ళు పిసికారు, వాళ్ళ బతుకమ్మకు మేం పూలు కోసిచ్చాం. పల్లెల నుంచి చుట్టాలు ఎడ్లబండ్ల మీద, తర్వాత లారీల్లో వచ్చి చర్చి ఆవరణలో చెట్ల కింద దిగేవాళ్ళు. 2022లో మెదక్‌కు రైలు వచ్చాక హైదరాబాద్ పిల్లలు రైల్లోనూ వస్తున్నారు. ఎట్లా వచ్చినా తెల్లవారుజాము ఆరాధనకు అందుకోవాలి. అది మా ఇంటి కట్టడి. నిద్రమత్తులో ఉన్న పిల్లలను చలిలో లేపి, స్వెటర్లు తొడిగి, ఇద్దరిని చెరో చేత్తో పట్టుకొని నడిపించిన ఏళ్ళు నాకు లెక్కలేదు.

ఆ ఆరాధన మొదలయ్యేసరికి బయట చీకటి. పెద్ద అద్దాల కిటికీలు నల్లగా, బొమ్మలేమీ కనబడకుండా ఉంటాయి. పాటలు, ప్రార్థన సాగుతుండగా తెల్లవారుతుంది. మెల్లగా ఒక్కో రంగు పైకి వస్తుంది. ముందు నీలం, తర్వాత ఎరుపు. నా ఒళ్ళో కూర్చున్న మేనకోడలు ఒకసారి గట్టిగా అరిచింది: "అత్తమ్మా, యేసయ్య వచ్చిండు!" చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఎవరూ కసరలేదు. ఆ కిటికీలు మూడు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు రూపం ఇచ్చినవి. ప్రభువు ఆరోహణం 1927లో, పుట్టుక 1947లో, సిలువ 1958లో అమర్చారు. సువార్తలో వరుస అది కాదు. సండే స్కూల్లో పిల్లలు ఈ సంగతి అడిగితే, మన ఇళ్ళలో కూడా వరుస తప్పే జరుగుతుంది బిడ్డా అని చెప్పేదాన్ని. పుట్టుక కన్నా ముందు చావు చూసిన ఇళ్ళున్నాయి. మాది అట్లాంటి ఇల్లు.

ఇరవై ఆరేళ్ళకు నా భర్త చనిపోయాడు. పిల్లలు లేరు. మా పెద్దన్న వచ్చి నా పెట్టె తన భుజాన పెట్టుకొని పుట్టింటికి తీసుకొచ్చాడు. ఆ ఏడే వదినకు మగపిల్లవాడు పుట్టాడు. మనలో తొట్టెల వేసినప్పుడు పేరు పెట్టేది మేనత్త. చర్చిలోనూ మా ఇల్లు ఆ పద్ధతి వదల్లేదు. బాప్తిస్మపు తొట్టి దగ్గర పాస్టర్ గారు బిడ్డ పేరు అడిగితే చెప్పేది ఆడబిడ్డే. కానీ ఆ రోజు ముందు రాత్రి కొందరు చుట్టాలు వదినను పక్కకు పిలిచి, పసుపు కుంకుమ పోయినది పసిబిడ్డను ఎత్తుకొని నిలబడొద్దు, దూరపు వరసైన ఇంకో ఆడబిడ్డ ఉందిగా అన్నారు. నేను గోడ అవతల పడుకొని అంతా విన్నాను. వదిన ఏమీ మాట్లాడలేదు. తెల్లారి లేచి నా పెట్టె తెరిచి, నా పెళ్ళి తెల్లచీర తీసి, కత్తెర నా చేతిలో పెట్టింది. "దీంతోని వానికి గౌను కుట్టు. నువ్వే తొడుగు, నువ్వే ఎత్తుకో, పేరు నువ్వే చెప్పు" అంది.

బాప్తిస్మం వచ్చే ఆదివారానికి జరిపారు. వారం రోజుల్లో కుట్టాను. చీర పైట భాగం మెత్తగా ఉంటుందని ముందు అదే కత్తిరించాను. మొదటి కోత పడ్డప్పుడు నా చెయ్యి వణికింది. వదిన పక్కనే కూర్చొని బట్ట పట్టుకుంది. మెడకు సన్న లేసు, వెనక మూడు గుండీలు, కింద బెత్తెడు మడత. ఆ మడత లోపలి వైపు తెల్లదారంతో పిల్లవాడి పేరు, తారీఖు కుట్టాను. బయటికి కనబడదు. వేలితో తడిమితే తెలుస్తుంది. ఆదివారం బాప్తిస్మపు తొట్టి దగ్గర వాణ్ణి ఎత్తుకొని నిలబడి పేరు చెప్పినప్పుడు నా గొంతు ఆ రాతి స్తంభాల మధ్య నాకే వేరేగా వినపడింది. పాస్టరయ్య నీళ్ళు తీసి వాడి తల మీద వేస్తే వాడు ఏడవలేదు, నేనే ఏడ్చాను. నా భర్త పోయిన తర్వాత జనంలో నేను ఏడవడం అదే మొదలు. వద్దన్న చుట్టాలు కూడా ఆ మధ్యాహ్నం మా ఇంట్లో బగారా అన్నం తిని, బిడ్డను దీవించి పోయారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ మాట మాత్రం ఈ సంచికలో రాయకుండా ఉండలేను. ఇంకా కొన్ని ఇళ్ళలో ఆ మాట వినబడుతూనే ఉంది. ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకరించేవాళ్ళం, ఇంటికొచ్చి శకునాలు చూడడం తప్పు.

ఆ గౌను ఇప్పటికి 11 మంది వేసుకున్నారు. ముగ్గురు అన్నదమ్ముల పిల్లలు, వాళ్ళ పిల్లలు. మడత లోపల 11 పేర్లున్నాయి. లేసు రెండుసార్లు మార్చాను. కిందటేడు తొడిగింది మొదటి పిల్లవాడి కూతురికే.

పెళ్ళిళ్ళ సంగతి ఒక్క మాటలో చెప్పి ఊరుకోలేను గానీ, అన్నీ రాస్తే సంచిక చాలదు. మూడు ఆదివారాలు ప్రకటన చదువుతున్నప్పుడు పెళ్ళికొడుకు చెవులు ఎర్రబడటం, ప్రధానం నాటి ఉంగరం వేలికి పట్టక సబ్బు తెప్పించడం, ఇవన్నీ ప్రతి ఇంట్లో ఉన్నవే. మా ఇంట్లో పుస్తె కట్టేటప్పుడు రెండు ముళ్ళు పెళ్ళికొడుకు వేస్తే మూడోది ఆడబిడ్డ వేస్తుంది. ఆడబిడ్డ ముడి వేసిందంటే ఆ పిల్ల ఇక నా పూచీ అన్నట్టు. మా అమ్మ పుస్తెకు మూడో ముడి వేసిన మేనత్తే, అమ్మ కాన్పు కష్టమైనప్పుడు రాత్రంతా మోకాళ్ళ మీద ఉంది. అమ్మ పెళ్ళి 1948 మొదట్లో. అప్పటికి నాలుగైదు నెలల ముందే, 1947 సెప్టెంబర్ 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. వెస్లియన్ సంఘం, ఆంగ్లికన్ సంఘం అన్న గీతలు చెరిగి మా చర్చి మెదక్ అధ్యక్ష మండలానికి కెథడ్రల్ అయింది. మెదక్ మాత్రం ఇంకా నిజాం రాజ్యంలోనే ఉంది. పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబర్‌లో. భయం రోజులు కనుక ఊరేగింపు లేకుండా పగటిపూటే పెళ్ళి ముగించి, పొద్దు గుంకకముందే తలుపులు వేసుకున్నారట.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు పోతాం. ముందు రోజే సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు, బంతిపూలు సిద్ధం చేసుకుంటాం. మా తాత, నాయనమ్మ, బాపు, అమ్మ, పెద్దన్న అందరూ అక్కడే ఉన్నారు. పోయినేడు వదిన కూడా చేరింది. ఆమె పెట్టెలో గౌనుకు కత్తిరించగా మిగిలిన నా పెళ్ళి చీర ముక్క దొరికింది. దాన్ని ఆమె చేతుల్లోనే పెట్టి పంపాం.

మా స్త్రీల మైత్రి కూడికల్లో నేను ఎప్పుడూ చెప్పే సంగతి ఇక్కడా చెప్పాలి. 2013లో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత గారు మన దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. ఆ వార్త చదివిన రోజు నాయనమ్మ గుర్తొచ్చింది. తాతను గడప దాటించిన చెయ్యి గుర్తొచ్చింది.

ఇప్పుడు చదివేవాళ్ళకు నా మనవి. పాస్నెట్ గారి పేరు పుస్తకాల్లో ఉంది, ఉండవలసిందే. మా తాత పేరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆయనతో పాటు తట్టలు మోసినవాళ్ళు, మోకులు లాగినవాళ్ళు, సున్నం తొక్కినవాళ్ళు ఎందరో. వాళ్ళ పేర్లు మన ఇళ్ళలో ముసలివాళ్ళ నోట్లోనే మిగిలి ఉన్నాయి. వాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మీ తాత, ముత్తాత, ముత్తవ్వ ఈ చర్చి కట్టే కూలికి పోయారని ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే, ఆ పేరు, ఊరు ఒక కాగితం మీద రాయండి. మేనత్తలను అడగండి, వాళ్ళకు గుర్తుంటుంది. క్రిస్మస్ ఆరాధనకు వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చి మన స్త్రీల మైత్రి బల్ల దగ్గర ఇవ్వండి. ఒక పెద్ద పుస్తకం కొని పెట్టాం. మొదటి పేజీలో మా తాత పేరు రాశాను. మిగతా పేజీలు ఖాళీగా ఉన్నాయి.