ఆర్డర్లు పెరిగినా డబ్బు ఎందుకు మిగలదు? 1772లో ఒక కుమ్మరి వేసిన లెక్క

ఈ మధ్య మన ఛానల్‌కి వస్తున్న మెయిల్స్‌లో ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. గుంటూరు దగ్గర ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక అక్క రాసిన మెయిల్ అన్నిటికంటే సూటిగా ఉంది. "తమ్ముడూ, పోయినేడాది మీద ఆర్డర్లు రెట్టింపయ్యాయి. చేతిలో మాత్రం రూపాయి నిలవట్లేదు. ఇంకో మనిషిని పెట్టుకోవాలా, రేటు పెంచాలా, మూసేయాలా?" పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను.

ఇలాంటి ప్రశ్నకి మోటివేషన్ ఇచ్చేవాళ్లు యూట్యూబ్‌లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మిమ్మల్ని 250 ఏళ్లు వెనక్కి, ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ అనే చోటికి తీసుకెళ్తాను. సరిగ్గా ఇదే ప్రశ్న అక్కడ ఒక కుమ్మరికి ఎదురైంది. పేరు జోసయ్య వెడ్జ్‌వుడ్. పెద్ద హోటళ్లలో ప్లేటు తిరగేసి చూస్తే ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పేరు కనిపిస్తుంది.

ముందు మనిషి గురించి రెండు ముక్కలు. 1730లో బర్స్‌లెమ్ అనే ఊళ్లో, తరతరాలుగా కుండలు చేసే ఇంట్లో ఆఖరి కొడుకుగా పుట్టాడు. చిన్నప్పుడు మశూచి వచ్చి కుడి మోకాలు పాడైంది. కుమ్మరి సారెని కాలితో తిప్పే పని అతనికి కష్టం. దాంతో మట్టి మీద, రంగుల మీద, మెరుగు మీద ప్రయోగాలు చేయడం మొదలెట్టాడు. ప్రతి ప్రయోగానికీ నంబర్ వేసి నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. కోడ్ రాసే ఉద్యోగం చేసి వచ్చినవాణ్ని కదా, ఆ అలవాటు గురించి చదివినప్పుడే ఈయన నాకు నచ్చేశాడు. 1768లో ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. అప్పటికి మత్తుమందులు లేవు. ఆ తర్వాత కర్ర కాలితోనే ఫ్యాక్టరీ అంతా తిరిగేవాడు.

వ్యాపారం మాత్రం దూసుకెళ్తోంది. 1765లో షార్లెట్ రాణి టీ సెట్ ఆర్డర్ ఇచ్చింది. మనవాడు వెంటనే ఆ మీగడ రంగు సామానుకి క్వీన్స్ వేర్ అని పేరు పెట్టుకున్నాడు. 1769లో ఎట్రూరియా అని కొత్త ఫ్యాక్టరీ తెరిచాడు. లివర్‌పూల్ వ్యాపారి థామస్ బెంట్లీ పార్ట్‌నర్‌గా చేరి లండన్ షోరూమ్ చూసుకునేవాడు. ఇక్కడ ఒక్కటి ఒప్పుకోవాలి. వెడ్జ్‌వుడ్ భార్య సారా కలిగినింటి ఆడపిల్ల, ఆమె తెచ్చిన డబ్బు వ్యాపారానికి ఆసరా అయింది. సక్సెస్ స్టోరీలు చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు, నేను దాటేయను.

అప్పట్లో అందరికీ పిచ్చి పట్టించిన సరుకు అలంకార కూజాలు. దొరల ఇళ్లలో గ్రీకు, రోమన్ పద్ధతి కూజా లేకపోతే పరువు తక్కువ. రకం మీద రకం, సైజు మీద సైజు. ఆర్డర్లు కుప్పలు. బయటి నుంచి చూస్తే ఇంతకంటే ఏం కావాలి?

1772 జూన్‌లో లండన్‌లో అలెగ్జాండర్ ఫోర్డైస్ అనే బ్యాంకరు, ఈస్టిండియా కంపెనీ షేర్లు పడిపోతాయని పందెం కాసి, ఓడిపోయి, రాత్రికి రాత్రి ఫ్రాన్స్‌కి పారిపోయాడు. అతని బ్యాంకు మునిగింది. దాని వెనకే లండన్‌లో, స్కాట్లండ్‌లో వరసగా బ్యాంకులు కూలాయి. ఎవరూ ఎవరికీ అప్పివ్వరు, ఎవరూ బాకీ కట్టరు. ఆ కంపెనీ మనకి తెలియనిదేమీ కాదు. అప్పటికే 1766 ఒప్పందంతో మన ఉత్తర సర్కారులు నిజాం చేతిలోంచి దాని కిందకి వెళ్లాయి. ఆ సంక్షోభంలో కంపెనీయే అప్పు కోసం బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర చెయ్యి చాపాల్సి వచ్చింది. ఇంక కుమ్మరి సంగతి చెప్పాలా? దొరలు కూజాలు కొనడం తగ్గించారు. సరుకు పేరుకుపోయింది. కూలీలకి వారం వారం డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే.

ఇలాంటప్పుడు మామూలుగా ఏం చేస్తాం? డిస్కౌంట్ పెట్టేస్తాం. లేకపోతే పదిమందిని తీసేస్తాం. వెడ్జ్‌వుడ్ ముందు కూర్చుని లెక్కలు తీశాడు. ఆ ఆగస్టులో బెంట్లీకి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కో వస్తువు మీద తయారీ ఖర్చెంత, అమ్మకం ఖర్చెంత, పగిలి పోయినదాని నష్టమెంత, ఎలా పంచి వేయాలో తేలక బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానని రాశాడు. ఒకసారి ఆలోచించండి. రాణిగారికి సరుకు పంపిన మనిషి, పదేళ్లకి పైగా సొంత వ్యాపారం నడిపిన మనిషి, అప్పటిదాకా తన కూజా ఒక్కటి చేయడానికి ఎంతవుతుందో ఖచ్చితంగా తెలియకుండానే అమ్ముతున్నాడు. చుట్టుపక్కల కుమ్మరులందరూ అంతే. పక్కవాడి రేటు చూసి, కొంటారో లేదో చూసి ధర పెట్టడమే.

లెక్కలో బయటపడిన మొదటి సంగతి ఏంటంటే, ఖర్చులు రెండు జాతులు. మట్టి లాంటివి కూజాల సంఖ్యతో పెరుగుతాయి, తగ్గుతాయి. కానీ డిజైన్ చేసేవాళ్ల జీతం, అచ్చులు చేయించడం, అద్దె, షోరూమ్, గుమాస్తాలు, ఇవన్నీ గడియారంలా తిరుగుతూనే ఉంటాయి. పది కూజాలు చేసినా, వంద చేసినా వాటికి పట్టదు. ఇప్పుడు ఫిక్స్‌డ్ కాస్ట్, వేరియబుల్ కాస్ట్ అని కామర్స్ పిల్లలు మొదటి ఏడాదిలోనే చదివేస్తారు. ఆయనకి పాఠ్యపుస్తకం లేదు, తన పుస్తకాల్లోంచి తనే తవ్వి తీశాడు.

దీన్ని మన పచ్చళ్ల అక్క దగ్గరికి తెద్దాం. అంకెలు నేను ఊహించి వేస్తున్నాను, మీవి మీరు వేసుకోండి. సాయానికి పెట్టుకున్న మనిషికి 12,000, గది అద్దె 6,000, ప్యాకింగ్ మెషీన్ ఈఎమ్ఐ 4,000, కరెంటు, ఫోను 2,000. నెలకి 24,000 రూపాయలు. ఒక్క సీసా అమ్మకపోయినా ఇది పోతుంది. కిలో పచ్చడికి మామిడికాయ, నూనె, కారం, వెల్లుల్లి, సీసా కలిపి 260. అమ్మేది 360కి. కిలోకి వంద మిగులుతోంది కదా అనుకుంటాం. నెలకి 200 కిలోలు అమ్మితే మిగిలేది 20,000, గడియారం తినేది 24,000. నాలుగు వేలు నష్టం. సరే, ఆర్డర్లు పెంచుదామని ఫ్రీ డెలివరీ పెట్టారు, కిలోకి 50 రూపాయలు కొరియర్ వాడికి. ఆర్డర్లు నిజంగానే రెట్టింపై 400 కిలోలయ్యాయి. ఇప్పుడు కిలోకి మిగిలేది 50. నాలుగొందల కిలోలకి మళ్లీ అదే 20,000, మళ్లీ అదే నాలుగు వేల నష్టం. పని రెట్టింపు, నడుం నొప్పి రెట్టింపు, చేతిలో రూపాయి లేదు. ఫ్రీ డెలివరీ లేకుండా 240 కిలోలు దాటితే చాలు, పైన అమ్మే ప్రతి కిలోకీ వంద మిగిలేది.

మనుషులు ఈ లెక్క వేయరు. ఎందుకంటే బ్యాంకు ఎకౌంట్‌లోకి డబ్బు వస్తూ పోతూ ఉంటుంది, ఆ కదలికే సంపాదనలా కనిపిస్తుంది.

మళ్లీ ఎట్రూరియాకి వెళ్దాం. అసలు కథ ఇక్కడుంది. వస్తువు వస్తువుకీ ఖర్చు వేసి అన్నీ కలిపి చూస్తే, నిజంగా బయటికెళ్లిన డబ్బుతో పొంతన కుదరలేదు. తన లెక్క తప్పా, పుస్తకాలు తప్పా? తవ్వుకుంటూ పోతే హెడ్ గుమాస్తా డబ్బు నొక్కేస్తున్నాడని తేలింది. మా పాత ఉద్యోగంలో ఒక బగ్ కోసం లాగ్స్ తెరిస్తే ఇంకోటి బయటపడేది. ఇదీ అలాంటిదే. దొంగని పట్టుకుందామని వెతికితే దొరికేవాడో లేదో. కూజా ధర ఎంత ఉండాలని వెతికితే దొరికాడు.

ఆ తర్వాత చేసిన పని నాకు గుమాస్తాని మార్చడం కంటే ముఖ్యంగా అనిపిస్తుంది. లెక్కలు వారం వారం తేలిపోవాలని పద్ధతి పెట్టాడు. ఏడాదికోసారి చూసే పుస్తకంలో దొంగకి పన్నెండు నెలల టైముంటుంది, వారానికోసారి చూసే పుస్తకంలో ఏడు రోజులే. మన దగ్గర నమ్మకమైన మనిషి అంటే లెక్క అడగక్కర్లేని మనిషి అనే అర్థం ఒకటి స్థిరపడిపోయింది. "మావాడే కదా, ఏం అడుగుతాం" అంటాం. అడిగితే ఏమనుకుంటాడో అని బెరుకు. మొదటి వారం నుంచే అందరినీ అడిగే ఇంట్లో ఆ బెరుకుండదు. అడగడం మానేసి ఏళ్లయ్యాక అడిగితేనే అది అనుమానంలా వినిపిస్తుంది.

ధరల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అచ్చులు, డిజైన్లు ఒకసారి అయిపోయిన ఖర్చు కాబట్టి, అదే కూజా ఎక్కువ సంఖ్యలో చేస్తే ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. అంటే ధర కొంత దించినా లాభం ఉంటుంది. మరి ఎవరికి అమ్మాలి? దొరల మేడల్లో ఈ కూజాలు చాలినన్నాళ్లు ఉన్నాయి, మధ్యతరగతి వాళ్లు చూసి ముచ్చటపడ్డారు, ఇక వాళ్లకి అందే ధరలో ఇద్దాం అని బెంట్లీకి రాశాడు. జాగ్రత్తగా చూడండి, ఇది కూడా డిస్కౌంటే. కానీ ఎంతవరకు దించొచ్చో, ఎన్ని అమ్మితే గిట్టుతుందో తెలిశాక దించిన ధర. రకాలు అదుపు లేకుండా పెంచుకోవడం నష్టమని కూడా అప్పుడే అర్థమైంది. ప్రతి కొత్త రకానికీ కొత్త అచ్చు కావాలి కదా.

అయితే వెడ్జ్‌వుడ్‌ని దేవుణ్ని చేయకండి. ఫ్యాక్టరీలో గంట కొట్టి టైముకి రప్పించడం, ఆలస్యమైతే కోత, ఇవన్నీ మొదలెట్టినవాళ్లలో ఆయనొకడు. తనకి తోచినప్పుడు పని చేసుకునే కుమ్మరికి అది సుఖంగా ఏమీ ఉండి ఉండదు.

లెక్క తెలిసినవాడు ఎప్పుడూ పిసినారిగానే ఉంటాడనుకుంటే, వెంటనే వచ్చిన ఆర్డర్ చూడండి. 1773లో రష్యా రాణి కేథరిన్ 952 పళ్లేలు, గిన్నెల సెట్ అడిగింది. అన్నిటి మీదా బ్రిటన్ దృశ్యాలు చేత్తో వేయాలి, బొమ్మకి బొమ్మ వేరుగా ఉండాలి, పైగా ప్రతిదాని మీదా ఒక చిన్న ఆకుపచ్చ కప్ప. ఆ ప్యాలెస్ కట్టింది కప్పల బాడవలో లెండి. చిత్రకారుల కూలీలు పోగా మిగిలింది చాలా తక్కువ. ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాడు. 1774లో రష్యాకి పంపేముందు లండన్ గ్రీక్ స్ట్రీట్‌లో కొత్త షోరూమ్ తెరిచి, ఆ సెట్‌ని ప్రదర్శనకి పెట్టారు. ఊళ్లో గొప్పవాళ్లంతా కప్ప ప్లేట్లు చూడ్డానికి వచ్చారు. ఆ డబ్బుని ఆయన ప్రచారం ఖర్చు కింద రాసుకున్నట్టే. ఏ ఖర్చు దేనికోసమో తెలిసి పెట్టాడు.

ఇదంతా లండన్‌లో నడిపింది బెంట్లీ. ఇద్దరూ దాదాపు రోజూ ఉత్తరాలు రాసుకునేవాళ్లు. వెడ్జ్‌వుడ్ ఉత్తరాలు మిగిలాయి, బెంట్లీ జవాబులు చాలావరకు పోయాయి. 1780లో బెంట్లీ చనిపోయాడు. పార్ట్‌నర్ పోయాక ఆ వ్యాపారం ఎలా నిలబడిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఈలోగా మీ నెల గడియారం ఖర్చు ఎంతో కామెంట్‌లో అంకె ఒక్కటే రాయండి, షాపు పేరు అక్కర్లేదు.