ఓసీడీ, కుంగుబాటు: చికిత్స నడిచిన దారి

దుమ్ముగూడెంలో ఈ పాఠం చదివే మీరు ఊళ్లో వినే ఉంటారు: పదేపదే చేతులు కడిగితే 'చాదస్తం', నెలల తరబడి మంచం దిగకపోతే 'బద్ధకం'. మొదటిది ఓసీడీ, రెండోది కుంగుబాటు కావచ్చు.

ఫ్రాయిడ్ 1909లో 'ర్యాట్ మ్యాన్' కేసు రాస్తూ, వదలని ఆలోచనల మూలాన్ని అణచుకున్న కోరికల్లో వెతికాడు. వివరణ ఆకట్టుకుంది. అయితే ఆ పద్ధతితో చాలామందికి కడగడం ఆగలేదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ మరో దారి పట్టాడు. రోగిని భయపడే వస్తువుకు దగ్గర చేసి, ఆ తర్వాత కడగకుండా నర్సుల చేత ఆపించాడు. కడగకపోయినా భయం దానంతటదే తగ్గుతుందని రోగికి అనుభవంలో తెలిసింది. దీన్ని 'బలవంతం' అని పరీక్షలో రాయకండి. నేడు రోగి సమ్మతితో, మెట్టుమెట్టుగా చేయిస్తారు.

కుంగుబాటుకు 1960 దశకంలో ఆరన్ బెక్ తన గురించి, లోకం గురించి, భవిష్యత్తు గురించి రోగికుండే ప్రతికూల ఆలోచనలను పరీక్షకు పెట్టాడు.

ఇవన్నీ పట్నం మాటలు. ఇక్కడి నుంచి ఎర్రగడ్డ ఆస్పత్రి 300 కిలోమీటర్లకు పైనే. గోదావరి దిగువన, పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో 2010 దశకంలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పథకం ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. వారు ట్యాబ్‌లో ప్రశ్నలడిగి, కుంగుబాటునూ ఆత్మహత్య ముప్పునూ గుర్తించి, పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపారు. ఆ ప్రశ్నల్లో ఓసీడీకి చోటు దక్కలేదు.