తోరణం పిలిచేది లోపలికే

ఓరుగల్లు కోట మధ్యభాగంలో నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అవి కాకతీయుల ఆరాధ్యదైవమైన స్వయంభూదేవుని ఆలయానికి ప్రవేశద్వారాలు. 1323లో తుగ్లక్ సేనలకు కోట వశమై, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. అనంతరం ఆలయం శిథిలాలుగా మిగిలింది. తోరణాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ తోరణమే 2014లో తెలంగాణ రాజముద్రలో చార్మినారుతో పాటు స్థానం పొందింది. పెంబర్తి లోహశిల్పుల చేతుల్లో ఇత్తడి రేకుపై రూపుదాల్చి, గృహాలంకరణగా గోడలకెక్కింది.

అయితే తోరణం అలంకారమాత్రం కాదు. దాని అడ్డదూలం కొనలపై హంసలు కొలువుదీరి ఉన్నాయి. హంస నీరక్షీరవివేకానికి సంకేతం. ఉచ్ఛ్వాసనిశ్వాసలలో అప్రయత్నంగా సాగే అజపాజపానికీ అదే నామం. నిత్యానిత్యవివేకం కలిగినవాడే ఆ ద్వారం దాటి గర్భాలయాన్ని చేరగలడని శిల్పం సూచిస్తున్నట్లుంటుంది.

గడపకు పసుపు పూసి, ద్వారానికి మామిడాకులు కట్టే ఆచారంలోని అంతరార్థమూ ఇదే: లోపల దైవం ఉన్నదన్న ఎరుక. ఓరుగల్లు తోరణాల నడుమనున్న ఆలయాన్ని కాలం హరించింది. గోడపై తోరణాన్ని నిలుపుకొన్న గృహస్థుడు లోపలి దీపాన్ని ఆరనీయకుండుటయే ఆ శిలలకు చేసే నిజమైన వందనం.